రీఫిల్లు చుట్టూ పెన్ను: లేత్ మీద ఇత్తడి, అల్యూమినియంతో చేసుకునే పద్ధతి

లేత్ మీద, అంటే లోహపు కడ్డీని తిప్పుతూ కోసే మిషన్ మీద, పెన్ను చేయాలని పూనుకున్నవారు సాధారణంగా మొదట దాని బయటి ఆకారాన్ని కాగితం మీద గీసుకుంటారు. నా మొదటి పెన్నుకు నేనూ అలాగే గీసుకున్నాను: ముక్కు కొన దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్ల లావు, అక్కడి నుంచి 30 మి.మీ. పొడవునా సన్నగా సాగే ఏటవాలు, చివరికి 12 మి.మీ. లావు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఉన్న ఒక లేత్ షాపులో గంటల లెక్కన మిషన్ అడిగి తీసుకుని, ఆ ఏటవాలును ఎంతో శ్రద్ధగా దించుకుంటూ వచ్చాను. ఆఖరి కోతలో, కొనకు ఆరున్నర మిల్లీమీటర్ల వెనుక ఇత్తడి ఉల్లిపొరలా పలచబడి, చిరిగి, లోపలి రంధ్రం కిటికీ తెరిచినట్లు బయటపడింది. ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే తప్పు మిషన్‌ది కాదని తేలింది. ఆ చోట నా గీత ప్రకారం బయటి వ్యాసం 6.1 మి.మీ., లోపల నేను వేసిన రంధ్రం 6.2 మి.మీ. మిగలాల్సిన గోడ కాగితం మీదే లేదు.

అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతిలో పెన్నును లోపలి నుంచి బయటికి చేస్తాము. ముందు రీఫిల్లు, తర్వాత అది కూర్చునే రంధ్రం, ఆ తర్వాత రెండు భాగాలను కలిపే మర, అన్నిటికన్నా చివర ఆకారం. లేత్ మీద ఫేసింగ్ (కడ్డీ ముఖాన్ని చదును చేయడం), టర్నింగ్ (కడ్డీ లావును దించడం) మీకు వచ్చునని, వెర్నియర్ కొలత సాధనం చదవగలరని అనుకుని రాస్తున్నాను.

రీఫిల్లు, కొలతలు

పార్కర్ తరహా రీఫిల్లును ఎంచుకోండి. ఇది ఏ స్టేషనరీ అంగడిలోనైనా దొరుకుతుంది, చాలా కంపెనీలు ఇదే కొలతలో చేస్తాయి, ఒంటికి లోహపు గొట్టం ఉంటుంది కాబట్టి వంగదు. పొడవు సుమారు 98 మి.మీ., లావు 6 మి.మీ. లోపు. సన్నని ప్లాస్టిక్ రీఫిల్లులు చవకే గాని, వాటి పొడవును ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తారు. మీ పెన్ను పదేళ్లు నిలిచి దానికి సరిపడే రీఫిల్లు ఆరు నెలలకే అంగట్లో కనబడకుండా పోతే ఏం ప్రయోజనం?

రీఫిల్లును చేతిలోకి తీసుకుని వెర్నియర్‌తో నాలుగు కొలతలు రాసుకోవాలి: మొత్తం పొడవు, లావుగా ఉన్న ఒంటి వ్యాసం, కొన దగ్గర సన్నబడిన భాగపు పొడవు, వ్యాసం. ఉదాహరణకు సన్న భాగం 9 మి.మీ. ఉందనుకుంటే, అందులో రెండున్నర మిల్లీమీటర్లు పెన్ను బయటికి రావాలి, మిగిలిన ఆరున్నర మిల్లీమీటర్లు ముక్కు లోపల సన్న రంధ్రంలో కూర్చోవాలి. ఇకపై నేను ఇచ్చే అంకెలన్నీ ఈ ఉదాహరణ మీద ఆధారపడినవే. మీ రీఫిల్లు వేరుగా ఉంటే ముందు ఈ ఒక్క లెక్కను మార్చుకోండి, తక్కినవి వాటంతట అవే మారుతాయి.

పెన్నును రెండు ముక్కలుగా చేస్తాము. ముందు భాగాన్ని ముక్కు అని, వెనుక భాగాన్ని గొట్టం అని పిలుచుకుందాము. బయటికి కనిపించే ముక్కు పొడవు 40 మి.మీ., దాని వెనుక గొట్టంలోకి దూరే మర తోక మరో 10 మి.మీ. గొట్టం పొడవు 90 మి.మీ. ముక్కును 40 దగ్గరే ఎందుకు ఆపాలంటే, 98 మి.మీ. రీఫిల్లులో రెండున్నర బయటికి, 40 ముక్కులోకి పోగా మిగిలేది 55.5 మి.మీ. మాత్రమే. గొట్టంలో 58 మి.మీ. లోతు రంధ్రం వేస్తే చాలు. మామూలుగా దొరికే 6.2 మి.మీ. డ్రిల్లుకు మెలి గాడులు ఉన్న భాగం 63 మి.మీ. వరకు ఉంటుంది కాబట్టి ఆ లోతు దానికి అందుతుంది. అదే ముక్కును 25 మిల్లీమీటర్లకు కుదిస్తే గొట్టంలో లోతు 70 దాటిపోతుంది, అప్పుడు పొడవు డ్రిల్లు కోసం చెన్నై ప్యారిస్ కార్నర్ దాకా తిరగవలసి వస్తుంది.

లోహం

ముక్కుకు ఇత్తడి, గొట్టానికి అల్యూమినియం వాడమని నా సలహా. ఇత్తడి బరువు అల్యూమినియానికి మూడింతలకు పైమాటే: ఘన సెంటీమీటరుకు ఇత్తడి సుమారు 8.5 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు. ఇవే కొలతలతో మొత్తం పెన్ను ఇత్తడితో చేస్తే రమారమి 80 గ్రాములు తూగుతుంది, అందులో ఎక్కువ భాగం వెనుకనే ఉంటుంది. సంతకానికి అది దర్జాగా ఉంటుంది గాని, రెండు పేజీలు రాసేసరికి బొటనవేలి మొదలు లాగుతుంది. ముక్కు మాత్రమే ఇత్తడి అయితే మొత్తం 40, 45 గ్రాముల దగ్గర ఆగుతుంది, బరువు కూడా వేళ్ల కిందికే వస్తుంది. మనకు దగ్గరలోనే శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి, ఆ చుట్టును వేళ్లతో నొక్కుతూ రంగు దింపి గీత గీస్తారు. పొద్దంతా గీయవలసిన కలానికి బరువు ఎక్కడ ఉండాలో, పట్టు ఎక్కడ ఉండాలో ఆ పుల్లను ఒకసారి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది.

ఇత్తడి కడ్డీని కిలో లెక్కన అమ్ముతారు. అర అంగుళం, అంటే 12.7 మి.మీ. గుండ్రని కడ్డీ అడగండి. లేత్ పనికి ఉద్దేశించిన ఇత్తడిలో సుమారు 3 శాతం సీసం కలిపి ఉంటుంది, అందువల్లనే రజను పొట్టిపొట్టిగా విరిగి రాలుతుంది. పాత గంటలు, చెంబులు కరిగించి పోసిన ముక్క ఇస్తామంటే తీసుకోకండి. అందులో గాలి బుడగలుంటాయి, సన్నగా దించిన చోట అవి తేలుతాయి. సీసం ఉంది కాబట్టి పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కున్న తర్వాతే టీ తాగాలి. అల్యూమినియంలో హెచ్‌ఈ 30 రకం అడిగితే లేత్ షాపులవారికి అర్థమవుతుంది. మెత్తని కిటికీ అల్యూమినియం టూల్‌కు అంటుకుపోతుంది.

మర కోసం ఎం10×1 కొలతను (10 మి.మీ. వ్యాసం, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒక మిల్లీమీటరు) ఎంచుకున్నాను. 6.2 రంధ్రం చుట్టూ ఎం8 మర వేస్తే తోక గోడ అర మిల్లీమీటరుకు కూడా రాదు. ఎం10×1 అయితే లోపల, బయట కూడా ఒక మిల్లీమీటరు తగ్గకుండా లోహం మిగులుతుంది. ఇందులో ఇంకో సౌలభ్యం ఉంది: చాలా చిన్న బైకుల స్పార్క్ ప్లగ్గుది ఇదే మర. ప్లగ్గు మర చెడిపోయినప్పుడు సరిచేయడానికి బైకు మెకానిక్కుల దగ్గర ఈ ట్యాపు (రంధ్రం లోపల మర కోసే పనిముట్టు) తరచుగా ఉంటుంది. డై (కడ్డీ బయట మర కోసేది) మాత్రం మీరు కొనుక్కోవలసిందే.

మిషన్ ముందు నిలబడే ముందు

కళ్లద్దాలు తప్పనిసరి. ఇత్తడి రజను సూదుల్లాగా ఎగిరి వస్తుంది. చేతి తొడుగులు వేసుకోకూడదు. మన ఊళ్లో చేతికి దారం లేనివారు అరుదు. అది ఏ కొండ మీద కట్టించుకున్నదైనా సరే, తిరుగుతున్న చక్ (కడ్డీని పట్టుకుని తిప్పే భాగం) ముందు అది వేలిని, మణికట్టును లాగే తాడు మాత్రమే. విప్పి జేబులో పెట్టుకోండి, ఉంగరం కూడా. చక్ తాళం చక్‌లో వదిలి చేయి తీయకూడదు.

టూల్ విషయంలో ఇత్తడికి ఒక ప్రత్యేకత ఉంది. ఉక్కుకు నూరినట్లు టూల్ పైభాగాన్ని వాలుగా నూరితే అది ఇత్తడిలోకి దిగబడుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ ఉక్కు) టూల్ పైభాగాన్ని పూర్తిగా చదునుగా నూరి, కొనను సరిగ్గా సెంటర్ ఎత్తుకు అమర్చండి. డ్రిల్లుకు కూడా ఇదే వర్తిస్తుంది. కొత్త డ్రిల్లు ఇత్తడిని కొరికి పట్టుకుని ఒక్కసారిగా లోపలికి లాక్కుపోతుంది, కడ్డీ చక్‌లో తిరిగిపోతుంది లేదా డ్రిల్లు విరుగుతుంది. నూనె రాయి తీసుకుని డ్రిల్లు రెండు కోత అంచులనూ ముందువైపు నుంచి, అక్షానికి సమాంతరంగా, వెంట్రుకవాసి చదును పడేదాకా రెండు మూడు సార్లు రుద్దండి. వెలుతురులో పట్టుకుంటే అంచు వెంట సన్నని తెల్ల గీత మెరవాలి, అంతకు మించి అక్కర్లేదు. ఈ చిన్న పని చేయకుండా మిగిలిన జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా లాభం లేదు. అయితే ఇలా రుద్దిన డ్రిల్లు అల్యూమినియానికి పనికిరాదు కాబట్టి 6.2 డ్రిల్లులు రెండు కొని, ఇత్తడిదానికి రంగు పూసి పెట్టుకోండి.

ముక్కు లోపలి పని

ఇత్తడి కడ్డీ నుంచి 52 మి.మీ. ముక్క కోసి, చక్‌లో 20 మి.మీ. బయటికి ఉండేలా బిగించండి. నిమిషానికి 1500 చుట్ల వేగం దీనికి బాగుంటుంది. పాత లేత్ ఆరేడు వందలు దాటకపోయినా నష్టం లేదు, పని నెమ్మదిస్తుంది, అంతే. ముఖాన్ని ఫేసింగ్ చేసి, 10 మి.మీ. పొడవున 9.9 మి.మీ. వ్యాసానికి దించండి. ఇదే తోక. తోక మొదట్లో, భుజానికి ఆనుకుని, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున 8.5 వ్యాసానికి సన్నని గాడి తీయండి. డై భుజం దాకా మర కోయలేదు, ఆ గాడి లేకపోతే బిగించినప్పుడు ముక్కుకు, గొట్టానికి మధ్య సందు మిగిలిపోతుంది.

తర్వాత సెంటర్ డ్రిల్లుతో గుర్తు పెట్టి, 6.2 డ్రిల్లును 43.5 మి.మీ. లోతుకు పంపండి. ముక్కు మొత్తం పొడవు 50 లోంచి మన ఆరున్నర తీసివేస్తే వచ్చిన లెక్క ఇది. ముందు చిన్న రంధ్రం వేసి దాన్ని పెద్దది చేద్దామనే ఆలోచన ఇత్తడి దగ్గర పెట్టుకోవద్దు, ఉన్న రంధ్రాన్ని పెంచేటప్పుడే డ్రిల్లు ఎక్కువగా కొరుకుతుంది. ఒక్క డ్రిల్లుతోనే, ప్రతి ఐదారు మిల్లీమీటర్లకు ఒకసారి బయటికి లాగి రజను దులుపుతూ వెళ్లండి. ఇత్తడికి నూనె అవసరం లేదు. లోతును డ్రిల్లు కొన నుంచి కాక, దాని పూర్తి లావు మొదలయ్యే అంచు నుంచి కొలవాలని మరచిపోకండి.

మరను మిషన్ వేగంతో కోయకూడదు. మిషన్ ఆపి, డై హోల్డర్‌ను టెయిల్‌స్టాక్‌తో (చక్‌కు ఎదురుగా ఉండే భాగంతో) నిటారుగా ఆనించి, చక్‌ను చేత్తో తిప్పండి. ఒక చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. గాడిలోకి డై దిగగానే ఆపండి. ముక్కును ఇక్కడికి పక్కన పెట్టి గొట్టానికి వెళ్దాము, ఎందుకంటే ముక్కు బయటి పని దాని మరను పట్టుకునే చేయవలసి ఉంది.

గొట్టం లోపలి పని

అల్యూమినియం కడ్డీ కూడా అర అంగుళానిదే. 97 మి.మీ. ముక్క కోయండి, అందులో చివరి ఐదారు మిల్లీమీటర్లు పట్టు కోసమే, తర్వాత కోసి పారేస్తాము. ఫేసింగ్, సెంటర్ డ్రిల్లు అయ్యాక 6.2 రంధ్రాన్ని 58 మి.మీ. లోతుకు వేయండి. ఇక్కడ కిరోసిన్ కావాలి. అది లేకుండా వేస్తే అల్యూమినియం డ్రిల్లు గాడుల్లో మెత్తుకుని గట్టిపడుతుంది, 40 మిల్లీమీటర్ల లోతులో డ్రిల్లు బిగుసుకుంటే దాన్ని ఊడదీయడం ఒక పూట పని. మూడు నాలుగు మిల్లీమీటర్లకు ఒకసారి బయటికి తీసి, బ్రష్షుతో కిరోసిన్ పూసి, మళ్లీ పంపండి.

పిమ్మట 9 మి.మీ. డ్రిల్లుతో 12 మి.మీ. లోతుకు నోటిని పెద్దది చేసి, ఎం10×1 ట్యాపును టెయిల్‌స్టాక్ సెంటర్‌తో వెనుక నుంచి నిలబెట్టి, చేత్తో తిప్పుతూ మర వేయండి. మొదటి ట్యాపు, రెండవది, చివరి ట్యాపు వరుసగా దింపితేనే లోపలి దాకా మర పూర్తవుతుంది. నోటి అంచును కొద్దిగా వాలుగా గీరి, ముక్కు తోకను తిప్పి చూడండి. రెండు భుజాలూ వెలుతురు దూరకుండా ఆనాలి.

మాండ్రిల్ మీద బయటి పని

ఇంతవరకు వేసిన రంధ్రం, మర ఒకే పట్టులో పుట్టినవి కాబట్టి ఒకే అక్షం మీద ఉన్నాయి. ముక్కును తిప్పి నేరుగా చక్‌లో పట్టుకుంటే ఆ పొందిక పోతుంది. అరిగిన మూడు దవడల చక్‌లో కొన్ని నూర్ల వంతుల మిల్లీమీటర్ల వంకర ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల తుక్కు ఇత్తడి ముక్కను చక్‌లో బిగించి, దాని ముఖాన్ని ఫేసింగ్ చేసి, 9 డ్రిల్లు, ఎం10×1 ట్యాపు వేయండి. ఇది మాండ్రిల్. వేసిన తర్వాత దీన్ని చక్‌లోంచి కదపకుండానే ముక్కు తోకను అందులోకి తిప్పి బిగిస్తే, మీ మర ఎక్కడ ఉందో మిషన్ అక్షం కూడా అక్కడే ఉంటుంది.

ముక్కు ముఖాన్ని సరిగ్గా 40 మి.మీ. మిగిలేదాకా ఫేసింగ్ చేయండి. ఇప్పుడు కొన రంధ్రం. పెన్ను మంచిదా కాదా అన్నది ఈ రంధ్రం దగ్గరే తేలిపోతుంది. సందు ఎక్కువైతే రాస్తున్నప్పుడు ప్రతి అక్షరానికీ కొన టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది, తక్కువైతే రీఫిల్లు మార్చినప్పుడు ఇరుక్కుంటుంది. కొన వ్యాసం 2.3 వస్తే 2.4 డ్రిల్లు తీసుకోండి, అంచులు రాయి మీద రుద్దినదే అయి ఉండాలి. ముందు సెంటర్ డ్రిల్లు, తర్వాత మిషన్‌కు ఉన్న గరిష్ఠ వేగంలో, వేలి బలంతో పంపినట్లు పంపండి. లోపల పెద్ద రంధ్రంలోకి తెగే క్షణంలో డ్రిల్లు ముందుకు దూకాలని చూస్తుంది, అప్పుడు టెయిల్‌స్టాక్ చక్రాన్ని ఇంకా నెమ్మదిగా తిప్పాలి. రీఫిల్లు కొనను ముందు నుంచే లోపలికి గుచ్చి పరీక్షించవచ్చు, ముక్కును విప్పనక్కర్లేదు. కొనను పక్కలకు కదిపితే కదలిక కంటికి కనబడకుండా చేతికి మాత్రమే తెలియాలి.

ఇక ఏటవాలు. కొన దగ్గర 6 మి.మీ., అక్కడి నుంచి 24 మి.మీ. వెనుక 12 మి.మీ. వచ్చేలా కాంపౌండ్ స్లైడును (టూల్‌ను కోణంలో నడిపే చిన్న స్లైడును) 7 డిగ్రీలకు తిప్పి బిగించండి. ఆరున్నర మిల్లీమీటర్ల దగ్గర ఇప్పుడు బయటి వ్యాసం 7.6, లోపల 6.2. గోడ 0.7 మిల్లీమీటర్లు, నా కిటికీ మళ్లీ తెరుచుకోదు. మిగిలిన 16 మి.మీ. వేళ్లు పట్టే చోటు, దాన్ని 12.05 వద్ద ఆపండి. అక్కడ నర్లింగ్ (పట్టు కోసం ఒత్తే గరుకు గళ్లు) వేయమని కొందరు చెబుతారు. వజ్రాల నర్లింగ్ చూడటానికి బాగున్నా మధ్యవేలిని కాయ కాయిస్తుంది. నేను మిల్లీమీటరు దూరంలో ఐదారు పలుచని గీతలు తీసి, వాటి అంచులు ఎమరీ కాగితంతో విరిచి వదిలేస్తాను. ఎండాకాలం చెమటకు వేళ్లు జారకుండా ఆ మాత్రం చాలు.

గొట్టానికి మరో మాండ్రిల్ కావాలి, ఈసారి బయటి మరతో, ముక్కు తోక లాంటిదే. గొట్టం పొడవైనది కాబట్టి వెనుక వదిలిన అదనపు ముక్కలో చిన్న సెంటర్ రంధ్రం వేసి టెయిల్‌స్టాక్‌తో ఆపు పెట్టాలి. కీలు (ముక్కు, గొట్టం కలిసే చోటు) దగ్గర 12.05, వెనుకకు పోయేకొద్దీ 10. ఇంత పొడవు ఏటవాలుకు కాంపౌండ్ స్లైడు ప్రయాణం చాలదు, అందువల్ల పావు మిల్లీమీటరు చొప్పున మెట్లు మెట్లుగా దించి, ఆ మెట్లను సన్నని ఆకురాయితో కలిపేయండి. తిరుగుతున్న పని మీద ఆకురాయి పట్టేటప్పుడు పిడి ఎడమ చేతిలో ఉండాలి, అప్పుడే మోచేయి చక్ మీదికి రాదు. ఎమరీ పట్టీని రెండు కొసలూ పట్టుకుని వాడాలి గాని వేళ్లకు చుట్టుకోకూడదు.

కలపడం, మెరుగు

అదనపు ముక్కను కోసి వెనుక చివరను గుండ్రంగా చేయండి. రీఫిల్లు పెట్టి, గొట్టం అడుగున పాత పెన్ను స్ప్రింగులో నాలుగు మిల్లీమీటర్ల ముక్క వేసి బిగించండి. రీఫిల్లుకు, రంధ్రం అడుగుకు మధ్య మనం వదిలిన రెండున్నర మిల్లీమీటర్లలో అది నొక్కుకుని రీఫిల్లును ముందుకు తోసి ఉంచుతుంది. స్ప్రింగు దొరకకపోతే పెన్సిల్ రబ్బరు ముక్క కూడా పని చేస్తుంది. బిగించాక కొన రెండున్నర కన్నా ఎక్కువ బయటికి వస్తే ముక్కు ముఖం నుంచి కొంచెం తీయడం కాదు, 6.2 రంధ్రం లోతైపోయిందని అర్థం. అప్పుడు లోపల పలుచని ఇత్తడి వాషరు వేయడమే దారి.

చివరగా రెండు భాగాలనూ బిగించి, రీఫిల్లు తీసి, గొట్టాన్ని అల్యూమినియం రేకు చుట్టి చక్‌లో తేలికగా పట్టండి. కీలు మీదుగా 320, 600, 1000 నంబరు ఎమరీ కాగితాలు వరుసగా నడిపిస్తే ఆ అదనపు 0.05 మి.మీ. పోయి, గోటితో గీరినా కీలు తగలని స్థితికి వస్తుంది. ప్రతి నంబరుకూ ముందు నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా ఆగండి, తొందరపడి దాటేసిన గీత బ్రాసోతో రుద్దినప్పుడు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మరకు కాస్త గ్రీజు రాయండి, లేకపోతే అల్యూమినియం, ఇత్తడి కొన్నాళ్లకు పట్టేసుకుంటాయి.

ఇత్తడికి లక్క పూత వేయవద్దని నా అభిప్రాయం, అది వేళ్లు పడే చోటే ముందుగా పొరలుగా లేస్తుంది. పూత లేని ముక్కు నెలా రెండు నెలల్లో నల్లబడుతుంది. వారానికోసారి ఇంట్లో ఇత్తడి సామాను తోమేటప్పుడు, రీఫిల్లు తీసేసి, ముక్కును కూడా ఆ చింతపండు గుజ్జుతోనే రుద్ది, కడిగి, కొన రంధ్రంలో తడి లేకుండా ఊది ఆరబెట్టండి.